లెక్కకెక్కని పిచ్చుక

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక ప్రశ్న అడిగి చూడండి. "మీ చిన్నప్పుడు మన వీధిలో పిచ్చుకలు ఎన్ని ఉండేవి?" అని. "అబ్బో, బోలెడు!" అంటారు. చూరుకు వేలాడదీసిన వరికంకుల కుచ్చుల గురించీ, అద్దంలో తన నీడను తానే పొడుచుకునే పోతుపిచ్చుక గురించీ ఎంతసేపైనా చెబుతారు. కాని బోలెడంటే ఎన్ని? వందా, యాభయ్యా? చెప్పలేరు. అందులో వారి తప్పేమీ లేదు. రోజూ కళ్లముందు తిరిగే పిట్టను లెక్కపెట్టాలని ఎవరికి తోస్తుంది?

ఇదే ప్రశ్నను లండన్ నగరంలోని కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే ఉద్యానవనం గురించి అడిగితే అంకెలతో సహా జవాబు దొరుకుతుంది. 1925లో 2,603 పిచ్చుకలు. 1975లో 544. 2000లో ఎనిమిదంటే ఎనిమిది.

ఒకచోట "బోలెడు", మరొకచోట "2,603". ఈ తేడా ఎలా వచ్చింది? పెరట్లో వాలే మామూలు పిట్టల్ని, అందులోనూ చలికాలం వెళ్లిపోయే రోజుల్లో లెక్కపెట్టే అలవాటు మనుషులకు ఎప్పుడు అబ్బింది? దానివల్ల ఒరిగిందేమిటి? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పేర్లలో దాగిన పరిశీలన

పక్షుల్ని గమనించడం మనకు కొత్త కాదు. ఆ సంగతి మన పక్షుల పేర్లే చెబుతాయి. పసులమందల వెంట తిరుగుతూ, వాటి వీపులమీద సవారీ చేస్తూ, గడ్డిలోంచి లేచే మిడతలను పట్టి తినే నల్లని కత్తెరతోక పక్షిని మన పల్లెల్లో "పసులపోలిగాడు" అన్నారు. చెట్టు మానును ముక్కుతో తొలిచే దానికి వడ్రంగిపిట్ట అని పేరు పెట్టారు. రాగిరేకు మీద సుత్తి దెబ్బలాగా "టుక్, టుక్" మని ఆగకుండా కూసేది కంసాలిపిట్ట అయింది. పక్షి ఏం తింటుందో, ఎలా కూస్తుందో, ఎక్కడ తిరుగుతుందో శ్రద్ధగా చూసినవారే ఇలాంటి పేర్లు పెట్టగలరు.

ఈ పేర్లను పుస్తకానికి ఎక్కించిన తొలి శాస్త్రజ్ఞుల్లో థామస్ జెర్డన్ ఒకడు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చిన ఈ ఆంగ్లేయుడు 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడి యానాదుల సహాయంతో ఎన్నో పక్షులను సేకరించాడు. 1862-64 మధ్య వెలువడిన ఆయన "భారతదేశపు పక్షులు" గ్రంథంలో చాలా పక్షులకు ఇతర దేశభాషల పేర్లతో పాటు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి.

అంటే పేరుంది, వర్ణన ఉంది, అలవాట్ల వివరం ఉంది. లేనిదల్లా సంఖ్య.

తుపాకీ కాలం

పందొమ్మిదో శతాబ్దంలో పక్షిశాస్త్రం అంటే ముఖ్యంగా సేకరణ. పక్షిని కాల్చడం, చర్మం ఒలిచి దూది కూరడం, కాలికి చీటీ కట్టి పెట్టెలో భద్రపరచడం. దుర్భిణీలు ఇంకా బాగుపడని ఆ రోజుల్లో, చేతిలోకి తీసుకుని చూస్తే తప్ప జాతిని నిర్ధారించడం కష్టంగా ఉండేది. అందుకని ఆ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయలేం.

ఈ సేకరణలో మనదేశంలో అందరినీ మించినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న వ్యక్తిగా మీరు పాఠ్యపుస్తకాల్లో చదివిన హ్యూమ్ ఈయనే. సిమ్లాలోని తన ఇంటినే మ్యూజియంగా మార్చాడు. "స్ట్రే ఫెదర్స్" అనే పక్షిశాస్త్ర పత్రికను 1870లలో నెలకొల్పి, దేశం నలుమూలల ఉన్న పరిశీలకుల చేత రాయించాడు. ఆయన ఎన్నో ఏళ్లు శ్రమించి సిద్ధం చేసుకున్న రాతప్రతులను 1880ల నడుమ, ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరో బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశారు. ఆ దెబ్బతో విసిగిపోయి, సుమారు 80 వేల నమూనాలున్న తన సేకరణను 1885లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఇలాంటి సేకరణలో సహజంగానే విలువ అరుదైన పక్షికే. ఇందుకు మంచి ఉదాహరణ మన కలివికోడి. జెర్డన్ పేరు మీదుగానే ఆంగ్లంలో దీనిని పిలుస్తారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఎప్పటినుంచి కనబడలేదో, ఎప్పుడు కనబడిందో తారీఖులతో సహా తెలుసు. అదే కడప జిల్లాలో 1900లో ఊరపిచ్చుకలు ఎన్ని ఉండేవి, 1986లో ఎన్ని ఉండేవి అంటే చెప్పగలిగే వారు లేరు.

అయితే మామూలు పిట్టల మీద మక్కువ చూపినవారు ఆ కాలంలోనూ ఉన్నారు. 1883లో బొంబాయి సహజ చరిత్ర సంఘాన్ని స్థాపించిన ఎనిమిది మందిలో ఒకడైన ఎడ్వర్డ్ ఐట్కెన్, బొంబాయిలో సాధారణంగా కనబడే పక్షుల గురించే 1900లో ఒక పుస్తకం వెలువరించాడు. కాకులు, గద్దలు, పిచ్చుకలు కూడా చదవదగిన విషయమేనని పాఠకులకు తెలిసింది. లెక్కపెట్టడం మాత్రం మరో దేశంలో మొదలైంది.

టోపీల మీది పక్షులు

అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువకుడు 1886లో ఒక విచిత్రమైన లెక్క తీశాడు. న్యూయార్క్ వీధుల్లో రెండుసార్లు నడిచి, ఎదురైన స్త్రీల టోపీలను పరిశీలించాడు. ఆ రోజుల్లో టోపీలకు ఈకలు, ఒక్కోసారి పిట్టను పిట్టగానే గుచ్చుకోవడం వేడుక. 700 టోపీలు చూస్తే 542 టోపీల మీద ఈకల అలంకరణ ఉంది. వాటిలో 40 జాతుల పక్షులను గుర్తుపట్టాడు! పక్షులను అలంకరణ కోసం చంపుతున్నారని కేకలు వేయడం కన్నా ఈ అంకెలు గట్టిగా పనిచేశాయి.

అదే చాప్‌మన్ తర్వాతి కాలంలో న్యూయార్క్ మ్యూజియంలో పక్షిశాస్త్రజ్ఞుడయ్యాడు, ఒక పక్షుల పత్రికకు సంపాదకుడయ్యాడు. అమెరికాలో క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పక్షులను, జంతువులను కాలిస్తే వారు గెలిచినట్లుగా పందెం వేసుకునే ఆచారం ఒకటి ఉండేది. దాని బదులు ఆ రోజు పక్షులను లెక్కపెడదాం రమ్మని చాప్‌మన్ తన పత్రిక ద్వారా పిలిచాడు. 1900 డిసెంబరు 25న 27 మంది, 25 చోట్ల నిలబడి, సుమారు 90 జాతులకు చెందిన 18 వేల పైచిలుకు పక్షులను లెక్కపెట్టారు. నాడు మొదలైన ఆ క్రిస్మస్ గణన ఏటా సాగుతూనే ఉంది.

అప్పటి అమెరికన్లకు అంకెల అవసరం అనుభవం మీద తెలిసింది. ఒకప్పుడు సూర్యుడిని కప్పేసేంత గుంపులుగా ఎగిరిన ప్యాసింజర్ పావురం అప్పటికే అడవుల్లో కానరాకుండా పోతోంది. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో ఆఖరి పావురం చచ్చిపోవడంతో ఆ జాతి కథ ముగిసింది. ఎంత విస్తారంగా ఉన్న పక్షి అయినా మాయం కావచ్చునని అది నేర్పింది.

ఒక కుర్రవాడి నోటుపుస్తకం

ఇక లండన్ సంగతి. 1925 నవంబరులో మాక్స్ నికల్సన్ అనే 21 ఏళ్ల యువకుడు తన సోదరుడితో కలిసి కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో కనబడ్డ ప్రతి పక్షినీ లెక్కపెట్టాడు. పిచ్చుకలే 2,603 తేలాయి. ఆనాడు దీన్ని పనిలేని పని అనుకున్నవారు ఉండి ఉంటారు. కాని అదే తోటలో, అదే విధంగా తర్వాతి తరాలవారు మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. 1948లో 885, 1975లో 544, 2000లో 8.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో జాగ్రత్తగా చూడండి. 1925, 1948ల నడుమ వచ్చిన పెద్ద తగ్గుదలకు గుర్రపుబండ్లు పోయి మోటారుబండ్లు రావడం ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. గుర్రాలకు పెట్టే దాణాలోంచి రాలిన గింజలు, పేడలోని గింజలు పిచ్చుకలకు తిండి. 1975 తర్వాతి పతనానికి గుర్రాలతో సంబంధం లేదు. పిల్లలకు పెట్టే పురుగులు తగ్గడం, గూటికి సందులు లేని కొత్త ఇళ్లు, ఇలా పలు కారణాలను పరిశీలించారు. ఒకే తగ్గుదలగా కనబడేది వేర్వేరు కాలాల్లో వేర్వేరు కారణాల వల్ల జరిగి ఉండవచ్చునని తెలిసింది, నడుమ నడుమ లెక్కలు ఉండబట్టే.

పిల్లల చేతికి వచ్చిన లెక్క

శాస్త్రజ్ఞులు కొద్దిమంది. పెరళ్లు కోట్లు. అన్ని పెరళ్లనూ చూడాలంటే మామూలు జనం సహాయం కావాలి. 1979లో బ్రిటన్‌లోని రాయల్ పక్షి సంరక్షణ సంఘం ఒక టెలివిజన్ పిల్లల కార్యక్రమం ద్వారా చిన్న కోరిక కోరింది. జనవరి చివర ఒక గంటసేపు మీ తోటను చూడండి, ఏ పక్షి ఒకేసారి ఎన్ని కనబడితే ఆ అంకె రాసి పంపండి అని. ఆ తొలి గణనలో సగటున ఒక్కో తోటకు 10 పిచ్చుకలు లెక్కకు వచ్చాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సగటు సగానికన్నా కిందికి దిగింది.

"ఒకేసారి" అన్న మాట గమనించారా? ఒకే పిచ్చుక పదిసార్లు వచ్చిపోతే పది అని రాయకుండా ఉండడానికే ఆ నియమం. పిల్లవాడు కూడా పాటించగలిగేంత సులువైన నియమం. ఇలాంటి గణనకు ప్రాణం అదే.

కెనడాలోని ఒంటారియోలో 1976లో చలికాలపు పెరటి పక్షుల సర్వే మొదలై, 1987 నాటికి ఉత్తర అమెరికా అంతటికీ పాకింది. 1998 ఫిబ్రవరిలో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి "గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్" పేర నాలుగు రోజుల పెరటి పక్షుల గణన ప్రారంభించాయి. 2013లో అది ప్రపంచమంతటికీ విస్తరించింది. ఆ సంవత్సరమే భారతదేశమూ అందులో చేరింది.

చలికాలం చివరే ఎందుకు?

చల్లని దేశాల్లో దీనికి కారణం సులువుగా అర్థమవుతుంది. మంచు కప్పిన పొలాల్లో తిండి దొరకక పక్షులు ఇళ్ల దాపుకు వస్తాయి. చెట్లు ఆకులు రాల్చి ఉంటాయి కనుక బాగా కనబడతాయి. వసంతపు వలసలు ఇంకా మొదలు కావు కనుక పక్షులు చాలావరకు ఒకచోట నిలకడగా ఉంటాయి.

మరి మంచు పడని మన ప్రాంతాల్లో? శివరాత్రికి చలి "శివశివా" అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు అంటారు. ఆ చలి వెళ్లే ముందు రోజులకు మనదగ్గర మరో ప్రత్యేకత ఉంది. రెండు రకాల పక్షులు ఒకేసారి దొరుకుతాయి. ఉత్తరాది నుంచి వచ్చిన చలికాలపు అతిథులు ఇంకా తిరుగు ప్రయాణం కట్టవు. కరెంటు తీగల మీద బారులు తీరే వానకోవిలలు, జొన్నచేల మీద మేఘంలా వాలే గులాబిరంగు గోరింకలు, తోక పైకీ కిందికీ ఊపుతూ నీటి అంచున పరుగెత్తే చిన్నపిట్టలు ఇలాంటివే. ఇంకోవైపు ఇక్కడే ఉండే పక్షులు జతకట్టే కాలానికి సిద్ధమై గొంతు సవరించుకుంటూ ఉంటాయి. కంసాలిపిట్ట సుత్తి అందుకుంటుంది. తేనెపిట్ట మగది నీలంగా నిగనిగలాడుతుంది. బూరుగ, మోదుగ పూయడం మొదలవుతుంది. ఆ పూలచెట్టు కింద ఒక అరగంట నిలబడితే గోరింకలు, పిగిలిపిట్టలు, పసులపోలిగాళ్లు, తేనెపిట్టలు అన్నీ పలకరించి పోతాయి.

ఏటా అదే కాలంలో చూస్తేనే ఒక ఏటి అంకెను మరో ఏటి అంకెతో పోల్చగలం. వైశాఖంలో ఒక ఏడు, మాఘంలో ఒక ఏడు లెక్కపెడితే వచ్చే తేడా ఋతువుదో, పక్షులదో తేల్చలేం.

మనదేశంలో లెక్కల దారి

మన పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు సలీం అలీ. 1896లో పుట్టిన ఆయన 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. తెలంగాణ పక్షుల గురించి మనకున్న పాత ఆధారాల్లో అది ముఖ్యమైనది. కాని ఏ పక్షి ఎక్కడ ఉంది అన్నదే ఆనాటి సర్వేల ప్రశ్న. ఎన్ని ఉన్నాయి అన్నది కాదు. 1941లో వెలువడిన ఆయన "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్" తుపాకీ పట్టని వేలాదిమందిని పక్షుల వైపు తిప్పింది.

పరిశీలకులు పెరిగారు. 1960 ప్రాంతంలో జాఫర్ ఫతేఅలీ సైక్లోస్టైల్ కాగితాల మీద పరిశీలకుల వార్తాపత్రిక మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి ఔత్సాహికులో తమ పెరటి ముచ్చట్లు దానికి రాసి పంపేవారు. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. 1987లో నీటిపక్షుల గణన జనవరి నెలలో మొదలై చెరువుల పక్షులకు లెక్కలు వచ్చాయి.

లెక్క ఉంటే ఏమవుతుందో రాబందుల ఉదంతం చూపింది. 1980లలో మనదేశంలో రాబందులు లక్షల్లో ఉండేవి. పశుకళేబరం పడితే చాలు, గంటల్లో ఎముకలు మిగిలేవి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి రక్షితకేంద్రంలో బొంబాయి సంఘానికి చెందిన విభు ప్రకాశ్ 1980లలో రాబందులను లెక్కపెట్టి ఉంచారు. 1990ల చివర మళ్లీ లెక్కపెట్టినపుడు భయంకరమైన తగ్గుదల బయటపడింది. 1992, 2007ల మధ్య తెల్లవీపు రాబందుల్లో నూటికి 99.9 వంతు పోయాయని తర్వాత తేలింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే కారణమని రుజువైంది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. పాత లెక్క లేకుంటే "రాబందులు ఈమధ్య తగ్గినట్టున్నాయి" అనుకుంటూనే మరికొన్నేళ్లు గడిచిపోయేవి.

మళ్లీ పిచ్చుక దగ్గరికి

2000 తర్వాత పిచ్చుకలు మాయమవుతున్నాయన్న మాట పత్రికల్లో మారుమోగింది. సెల్‌ఫోన్ టవర్ల వల్లనే అని చాలామంది నమ్మారు. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. 2012లో ఢిల్లీ పిచ్చుకను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. ఆవేదన నిజమే. ఆధారం ఏది?

ఆ ఆధారం కొంతవరకు 2020లో దొరికింది. ఈ-బర్డ్ అనే కంప్యూటర్ ఖాతాలో దేశంలోని 15 వేల పైచిలుకు పరిశీలకులు నమోదు చేసిన కోటికి పైగా పరిశీలనలను జోడించి, పది సంస్థలు కలిసి "భారత పక్షుల స్థితి" నివేదిక తయారుచేశాయి. పాత డైరీలు తిరగేసి పది, ఇరవై ఏళ్ల కిందటి జాబితాలను ఎక్కించినవారూ ఉన్నారు. పిచ్చుక గురించి ఆ నివేదిక చెప్పింది విని చాలామంది ఆశ్చర్యపోయారు. దేశం మొత్తం మీద చూస్తే పాతిక సంవత్సరాలుగా పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతున్నాయి. టవర్లే కారణమనడానికి తగిన సాక్ష్యం దొరకలేదు.

2023లో వెలువడిన రెండో నివేదికకు 30 వేల మంది పరిశీలకులు, 3 కోట్ల పరిశీలనలు ఆధారం. కోకిలలు, నెమళ్లు పెరిగాయని అది చెప్పింది. కాని అందరికీ తెలిసిన పాలపిట్ట పన్నెండేళ్లలో సుమారు నూటికి 30 వంతు తగ్గిందని హెచ్చరించింది. దసరానాడు చూసి దణ్ణం పెట్టుకునే పక్షి, తెలంగాణ రాష్ట్రపక్షి! పిచ్చుక కోసం అందరం కంగారుపడుతున్న వేళ, ఎవరూ అనుమానించని పాలపిట్ట పలచబడుతోంది. మన జ్ఞాపకాలు ఇష్టమైన పక్షి చుట్టూ తిరుగుతాయి. అన్ని పక్షులనూ రాసిన జాబితాకు ఆ పక్షపాతం ఉండదు.

మీరు చేయగలిగింది

గణనలో చేరడానికి దుర్భిణీ తప్పనిసరి కాదు. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల గణనలో, మీ డాబా మీదో, కాలేజీ ఆవరణలోనో, బస్టాండు పక్క వేపచెట్టు కిందనో కనీసం 15 నిమిషాలు నిలబడితే చాలు. పొద్దున్నే అయితే మంచిది. కొన్ని నియమాలు మాత్రం తప్పకూడదు.

తారీఖు, స్థలం, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు చూశారో రాయండి. గంటసేపు చూస్తే పది, పావుగంట చూస్తే పది - ఈ రెండు పదులూ ఒకటి కావు. కాకి, పావురం సహా గుర్తుపట్టిన ప్రతి జాతినీ రాయండి. గుర్తుపట్టలేని దాన్ని ఊహించి రాయకండి. పెద్ద గుంపు ఎగిరితే పది పక్షులు ఎంతమేర ఉన్నాయో చూసి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టండి. గూళ్ల దగ్గరికి వెళ్లి వాటిని బెదరగొట్టకండి.

పిచ్చుక కనబడకపోతే నిరాశపడవద్దు. చూసినవన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేదంటే, ఆ వేళ అక్కడ మీకు పిచ్చుక కనబడలేదని అర్థం. అది కూడా సమాచారమే. వింతపక్షులను మాత్రమే రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, అది లేక రాయలేదో, ఉన్నా పట్టించుకోక రాయలేదో ఎవరికీ తెలియదు.

ఒక పావుగంట లెక్కతో ఏదీ రుజువు కాదు. అదే చోట, అదే వారంలో, ఐదేళ్లో పదేళ్లో వరుసగా రాస్తే మార్పు కనబడడం మొదలవుతుంది. మీ బడిలో అలాంటి పుస్తకం ఒకటి పెట్టి, పై తరగతికి వెళ్లేటప్పుడు కింది తరగతివారికి అప్పగించి వెళ్లండి. ఈ ఏడు మాఘమాసం దాటకముందే తొలి పుట రాయండి.